పెరిగిన తొంభై తొమ్మిది గజాలు

"మా ఏడాది పాలనలో మన రాష్ట్రం ఎనిమిది పాయింట్ రెండు శాతం పెరిగింది" అని భూమి శాఖ మంత్రిగారు ప్రకటించారు. "జనాభా కాదు. ఆదాయం కాదు. నేల! సముద్రాన్ని పూడ్చలేదు, పక్కవాళ్ళది అంగుళం ఆక్రమించలేదు. కేవలం పరిపాలన వల్ల పెరిగింది."

హాలు చప్పట్లతో మారుమోగింది. మొదటి చప్పట్లు మా డైరెక్టరుగారివి, అందరూ ఆపాక వినిపించినవి కూడా ఆయనవే. నేను మాత్రం కొట్టలేకపోయాను. గోడకి మేకు దొరక్కపోవడంతో మంత్రిగారి వెనక రాష్ట్ర పటాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకునే బాధ్యత నామీద పడింది. నేను సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. పాతికేళ్ళు పటాలు గీశాను. కంప్యూటర్లు వచ్చాక మరో ఐదేళ్ళుగా ప్రింటు నొక్కుతున్నాను. పటాల గురించి ఏమాత్రం తెలిసినవాణ్ణి ఆ హాల్లో నేనొక్కణ్ణే కాబట్టి, పటం వెనక నిలబెట్టడం సబబుగానే తోచింది.

ముందు వరసలో కూర్చున్న ఒక విలేకరి లేచింది.

"సార్, ఏ వైపు పెరిగింది?"

"అన్ని వైపులా. మాకు పక్షపాతం లేదు."

"మరి సరిహద్దులు జరిగాయా?"

"సరిహద్దులు ఎక్కడివక్కడే ఉన్నాయి. మేము లోపల్లోపల పెరిగాం."

"పక్క రాష్ట్రం కూడా పెరిగిందా సార్?"

మంత్రిగారు జాలిగా నవ్వారు. "వాళ్ళింకా పాత సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నారమ్మా."

మర్నాడు పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. ఫోటోలో మంత్రిగారు, వెనక రాష్ట్రం, రాష్ట్రానికి రెండు పక్కలా నా వేళ్ళు.

ఇంత అభివృద్ధి ఎలా సాధ్యమైందో పాఠకులకు చెప్పడం నా ధర్మం. మా పటాల గదిలో ఒక పాత కంప్యూటరు ఉంది. దానికి భూమి గుండ్రంగా ఉంటుందని ఎవరో ఎప్పుడో నేర్పి పెట్టారు. ఏ స్థలం కొలతలిచ్చినా ఆ గుండ్రాన్ని లెక్కలోకి తీసుకుని, కాసేపు మూలిగి, విస్తీర్ణం చెప్పేది. ఆ మూలుగు డైరెక్టరుగారికి నచ్చలేదు. అందుకని ఒక కన్సల్టెంటును పిలిపించారు. కన్సల్టెంటు కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. అది భూమిని బల్ల మీద పరిచిన కాగితంలా చూస్తుంది. అడిగిన మరుక్షణం జవాబు చెబుతుంది.

"కర్వ్ ఉంటే సర్వర్ స్లో అవుతుంది సార్" అన్నాడు కన్సల్టెంటు. "అందుకే ఫ్లాట్‌లో పెట్టాను. యూజర్ ఫ్రెండ్లీ."

"భూమి గుండ్రంగా ఉండడం వల్ల ఇన్నేళ్ళూ ఎంత టైం వేస్టయిందో!" అని డైరెక్టరుగారు నొచ్చుకున్నారు.

నా నోరు ఊరుకోదు. డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"సార్, ఒక్క మాట. తోలుబంతి కుట్లు విప్పి బల్ల మీద పరిచామనుకోండి. మధ్యలో బాగానే ఉంటుంది, పైకీ కిందికీ పోయేకొద్దీ చీలికలు పడతాయి. ఆ చీలికలు కనపడకుండా తోలుని లాగి సాగదీస్తే బల్ల మీద బంతి పెరిగినట్టే ఉంటుంది. కానీ బంతి పెరగలేదు కదా సార్. మన పటం సంగతీ అంతే. నేల పెరగలేదు, బొమ్మ సాగింది."

డైరెక్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"భూమి గుండ్రంగా ఉందంటావు."

"అవును సార్."

"ఆ మేరకు మన శాఖకి ఉత్తర్వు ఏదైనా వచ్చిందా?"

"ఉత్తర్వంటే... స్కూల్లోనే చెప్పారు సార్."

"అది విద్యాశాఖ. వాళ్ళ అభిప్రాయాలు వాళ్ళవి. ఫైల్లో లేనిదాన్ని నెత్తిన పెట్టుకోకయ్యా. పెన్షన్‌కి దగ్గర పడ్డావు."

పెన్షన్ మాట వినగానే భూమి నాకు కూడా కొంచెం చదునుగానే కనిపించింది. వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

వారం తిరక్కుండానే మంత్రిగారు స్వయంగా మా ఆఫీసుకి వచ్చారు. వచ్చీ రాగానే డైరెక్టరుగారి కుర్చీలో కూర్చుని ఒక కాగితం బల్ల మీద కొట్టారు.

"ఏమయ్యా, రాష్ట్రం ఎనిమిది పెరిగితే నా నియోజకవర్గం ఏడే పెరిగిందేం? ఉత్తరాన ఆ ప్రతిపక్షం వాడిది తొమ్మిదిన్నర పెరిగిందట. వాడేం చేశాడు పెరగడానికి? పొద్దున లేచి ధర్నా చెయ్యడం తప్ప!"

డైరెక్టరుగారు కన్సల్టెంటు వైపు చూశారు. కన్సల్టెంటు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"సార్" అన్నాడు కన్సల్టెంటు చివరికి, "ఈ పటంలో ఎంత పైకి ఉంటే అంత ఎక్కువ గ్రోత్ సార్. మీది కిందికి ఉంది."

"ఎవరు పెట్టారు కింద?"

డైరెక్టరుగారు ఫైలు కోసం సొరుగు తెరిచారు.

"సరే, అయిందేదో అయింది. పైకి జరపండి."

కన్సల్టెంటు సమర్థుడు. తెర మీద నియోజకవర్గం బొమ్మని మౌస్‌తో పట్టుకుని పైకి లాగాడు. పైకి పోయేకొద్దీ అది ఉబ్బసాగింది. పక్కన అంకెలు గిర్రున తిరిగాయి. పది శాతం, ఇరవై, యాభై. మంత్రిగారు కుర్చీ అంచుకి వచ్చేశారు. బొమ్మ మా రాష్ట్రం దాటి, ఇంకో నాలుగు దేశాలు దాటి, తెల్లటి చోటుకి చేరింది. నియోజకవర్గం నాలుగింతలైంది.

"అదేం చోటు?"

"మంచు సార్. పైన అంతా మంచే."

"జనం?"

"తెల్ల ఎలుగుబంట్లు ఉంటాయి సార్."

"వాటికి ఓట్లున్నాయా?"

"లేవు సార్."

ఆయనలోని నిరాడంబరత్వాన్ని నేను కళ్ళారా చూసింది అప్పుడే. "అయితే అంత పైకొద్దు. జనం ఏదో అనుకుంటారు. పన్నెండు చాలు" అన్నారు. కన్సల్టెంటు బొమ్మని కిందికి దించి పన్నెండు దగ్గర వదిలేశాడు. అది ఉత్తర సరిహద్దుకి ఇంకా పైన, ఎవరివో కొండల మీద ఆగింది.

ఆ పటాన్నే మిగతా శాఖలూ వాడుకుంటాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మూడో రోజున మంత్రిగారి నియోజకవర్గంలో, ఎండకి రోడ్డు మీద తారు కరుగుతుండగా, అందరి ఫోన్లకీ చలిగాలుల హెచ్చరిక వచ్చింది. పశువుల్ని ఇళ్ళలో కట్టుకోమనీ, కొండచరియలు విరిగిపడొచ్చనీ అందులో ఉంది. ఆ ప్రాంతంలో కొండలు లేవు. మంత్రిగారు కలవరపడకుండా రెండు వేల దుప్పట్లు పంచారు. జనం వద్దనకుండా తీసుకున్నారు.

ఇక బొమ్మ జరిపిన ఆ రోజు మా ఆఫీసు నుంచి వెళ్ళబోతూ, గుమ్మం దగ్గర మంత్రిగారికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది.

"డైరెక్టరూ, ఈ పెరిగిన నేల ఎవరిది?"

"ఎవరి స్థలంలో పెరిగితే వాళ్ళది సార్."

"వాళ్ళెలా పెంచారయ్యా? పెంచింది మనం కదా! మనం కష్టపడి పెంచితే వాళ్ళు కూర్చుని తినడమా?"

ఆ మాటతో ఉత్తర్వు పుట్టింది. నగరంలో ఎవరికీ రెండు వేల గజాలకి మించి కట్టడం లేని స్థలం ఉండకూడదని మాకొక పాత చట్టం ఉంది. కొత్త కొలతల ప్రకారం ఎవరు ఆ గీత దాటితే వాళ్ళ దగ్గర అదనపు నేలని ప్రభుత్వం తీసుకుంటుందని ఉత్తర్వు సారాంశం. నోటీసుల ప్రింటు నేనే నొక్కాను. మొత్తం పదకొండు వేల చిల్లర. చదవలేదు. ప్రింటు నొక్కేవాడు చదవడం మొదలుపెడితే ఏ ఆఫీసూ నడవదు.

అందులో ఒకటి మా అక్కది.

మా అక్క మొక్కల నర్సరీ నడుపుతుంది. బావగారు పోయాక చిన్న పిల్లతో, నాలుగు కుండీలతో మొదలుపెట్టింది. ఇప్పుడు కూతురి చదువూ, ఇల్లూ, ఇద్దరు పనివాళ్ళ కడుపూ అన్నీ ఆ నర్సరీ మీదే. స్థలం పందొమ్మిది వందల నలభై గజాలు. దాని నాలుగు గోడలూ నాకు నా అరచేయిలా తెలుసు, ఆ ప్లాను గీసింది నేనే. పడమటి మూలలో బోరుంది. చుట్టుపక్కల మూడు వీధుల్లో నీళ్ళు పడింది ఆ ఒక్క చోటే.

పొద్దున్నే మా ఇంటికొచ్చి, కాళ్ళకున్న మట్టి కూడా కడుక్కోకుండా నోటీసు నా ముందు పడేసింది.

"ఏమిట్రా ఇది? నా స్థలం రెండు వేల తొంభై తొమ్మిది గజాలట. తొంభై తొమ్మిది ఎక్కువట. పట్టుకుపోతారట!"

"అక్కా, అది... కొత్త లెక్క."

"కొత్త లెక్కేమిటి? నా గోడ జరిగిందా? పక్కింటాయన గోడ వెనక్కి పోయిందా? నిన్న కుండీలు పెట్టిన చోట ఇవాళ ఒక్క కుండీ ఎక్కువ పట్టదు. మరి పెరిగిందెక్కడ?"

"కంప్యూటర్లో."

"అయితే కంప్యూటర్లోంచే తీసుకోమను!"

అప్పుడు ఆ మాటని నేను పట్టించుకోలేదు. ఆడవాళ్ళు కోపంలో అనే మాట అనుకున్నాను. అక్క మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "ముప్పై ఏళ్ళుగా అక్కడ కూర్చుని ఏం వెలగబెడుతున్నావురా?" అని అడిగింది.

రెండు రోజులకి సర్వేయరు వచ్చాడు. మంచివాడే, నాకు తెలిసినవాడే. టేపు పరిచి నాలుగు వైపులా కొలిచి, కాగితం మీద లెక్క వేసుకుని, తల గోక్కున్నాడు.

"ఎంతొచ్చింది?" అంది అక్క.

"పందొమ్మిది వందల నలభై."

"చూశావా మరి!"

"టేపు పాతదమ్మా. పెరగక ముందు కొన్నది. కొత్త టేపులు ఆర్డరు పెట్టారు, ఇంకా రాలేదు."

అలా అని, అదే పాత టేపుతో పడమటి మూలలో తొంభై తొమ్మిది గజాలు కొలిచి, చుట్టూ సున్నం గీత గీశాడు. బోరు సరిగ్గా గీతకి లోపల ఉంది. అక్క ఆ గీత పక్కనే చతికిలబడిపోయింది. నీళ్ళు పోతే వారం రోజుల్లో మొక్కలన్నీ ఎండిపోతాయి, కూతురి కాలేజీ ఆగిపోతుంది. బోరు మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది.

కొత్త టేపులు తర్వాత నిజంగానే వచ్చాయి. మా డైరెక్టరుగారి మేధస్సుకి అది నిదర్శనం. నేల కంప్యూటరుతో సరిపోలడం లేదని ఫిర్యాదులు వస్తుంటే, ఆయన గజాన్ని సరిచేయించారు. ముప్పై ఆరు అంగుళాల గజం దాదాపు ముప్పై నాలుగున్నర అంగుళాలకి వచ్చింది. దాంతో ఎక్కడ కొలిచినా కంప్యూటరు చెప్పిందే వచ్చేది. ఆ టేపులు మాక్కూడా ఇప్పించమని బట్టల కొట్లవాళ్ళు అర్జీ పెట్టుకున్నారు.

మంత్రిగారు సోమవారాలు ఫిర్యాదులు వింటారు. సోమవారం నాడు అక్క వెళ్తానంది, తోడు రమ్మంది. నాకు ఆఫీసు ఉందన్నాను. అక్క ఒక్క చూపు చూసింది. సెలవు పెట్టి వెళ్ళాను. లైన్లో అక్క వెనక, మంత్రిగారికి నా మొహం కనపడకుండా నిలబడ్డాను.

దండం పెట్టి అక్క మొదలుపెట్టింది.

"అయ్యా, నా స్థలం పెరిగిందన్నారు. సంతోషం. పెంచింది మీరేనన్నారు, అదీ సంతోషమే. మీరు పెంచింది మీకిచ్చెయ్యడానికి నాకేం అభ్యంతరం లేదు. ఇప్పుడే సంతకం పెడతాను."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. ఆరు నెలల్లో ఫిర్యాదుల రోజున ఆయన విన్న మొదటి మంచిమాట అది.

"కానీ అయ్యా, మీవాళ్ళు గీత గీసింది నా పాత నేల మీద. ఆ బోరు నేను వేయించి పన్నెండేళ్ళయింది. అది మీరు పెంచింది కాదు. మీరు పెంచిన తొంభై తొమ్మిది గజాలు ఎక్కడున్నాయో వెతికించి అవి తీసుకోండి. నా పాత పందొమ్మిది వందల నలభై నాకు వదిలెయ్యండి."

"న్యాయం!" అన్నారు మంత్రిగారు. బల్ల గుద్ది, డైరెక్టరుగారి వైపు తిరిగి, "పాత నేల ముట్టుకున్నవాణ్ణి సస్పెండ్ చేస్తాను. పెరిగింది మాత్రమే తీసుకోండి. రాష్ట్రమంతా ఇదే రూలు" అని ఆజ్ఞాపించారు.

అక్క వెనక్కి తిరిగి నాకేసి చూసి కళ్ళతోనే నవ్వింది. నేనింత కాలం చేయలేని పనిని రెండు నిమిషాల్లో చేసేసింది.

మర్నాడు పెరిగిన భాగాన్ని వెతకడానికి డైరెక్టరుగారు, కన్సల్టెంటు, సర్వేయరు, నేను నర్సరీకి బయల్దేరాం. కన్సల్టెంటు చేతిలో టాబ్లెట్ ఉంది. అందులో ఆకుపచ్చగా తొంభై తొమ్మిది గజాలు మెరుస్తున్నాయి. అతను నడిస్తే అవీ నడుస్తున్నాయి.

"ఏ వైపు పెరిగినట్టు?" అన్నారు డైరెక్టరుగారు.

"నాలుగు వైపులా సార్. ఒక్కో కొలతా నాలుగు శాతం."

"అంటే గోడకి అవతలా?"

"అవతల రోడ్డు సార్. రోడ్డు కూడా పెరిగింది."

"రోడ్డెటు పెరిగింది?"

కన్సల్టెంటు టాబ్లెట్ తిప్పి చూశాడు. "ఈ గోడ లోపలికి సార్."

డైరెక్టరుగారు గోడ ఎక్కి అటు చూశారు, దిగి ఇటు చూశారు. కుండీల వెనక చూశారు. సర్వేయరు ఎరువు బస్తాలు జరిపి చూశాడు. అక్క అందరికీ మంచినీళ్ళిచ్చి, "దొరికిందా అండీ? మొహమాటపడకండి, ఎక్కడుంటే అక్కడ తీసుకోండి" అంటూ మర్యాదగా వెంట తిరిగింది. పన్నెండు గంటలకి ఎండ ముదిరింది. డైరెక్టరుగారు ఒక కొబ్బరి మొక్క నీడ చూసుకుని, నీడ చాలక, నిర్ణయానికి వచ్చారు.

"దొరికిందనే రాద్దాం."

రాశారు. పెరిగిన తొంభై తొమ్మిది గజాలని ప్రభుత్వానికి మనస్ఫూర్తిగా అప్పగిస్తున్నానని అక్క గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. ముట్టినట్టు డైరెక్టరుగారు రసీదిచ్చారు. 'ఇది ప్రభుత్వ భూమి' అన్న బోర్డు ఎక్కడ పాతాలో తెలియక, అక్క ఇచ్చిన ఖాళీ కుండీలో పాతారు. వాళ్ళు వెళ్ళగానే అక్క నవ్వీ నవ్వీ కూలబడింది. నేనూ నవ్వాను. సున్నం గీతని నీళ్ళు పోసి కడిగేశాం. అదే బోరు నీళ్ళతో.

మా అక్క బాట అందరికీ నచ్చింది. నోటీసులందుకున్న వాళ్ళంతా ఎగబడి సంతకాలు పెట్టారు. ఇంత సులభంగా, ఒక్క కేసూ లేకుండా, ప్రజలు నవ్వుతూ భూమి అప్పగించడం మన చరిత్రలో లేదని మంత్రిగారు అసెంబ్లీలో చెప్పారు. ఆయన అబద్ధం చెప్పలేదు. అందరూ నిజంగానే నవ్వుతూ ఇచ్చారు.

ఆ తర్వాత, ఊరి బయట మైదానంలో షామియానా వేసి, సొంత చోటు లేని పదకొండు వేల కుటుంబాలకి మంత్రిగారు పట్టాలు పంచారు. ఒక్కో పట్టాతో ఒక కొత్త టేపు ఉచితం. పట్టాల మీది ప్లాన్లన్నీ నేనే ప్రింటు తీశాను. ఈసారీ చదవలేదు. పట్టా అందుకుని ఒక ముసలావిడ మంత్రిగారి చేతులు కళ్ళకద్దుకోవడం చూశాను. ఆ రోజు ఇంటికి నడిచే వెళ్ళాను.

నాలుగు రోజుల తర్వాత, సెలవు రోజని నేను నర్సరీలో అక్కకి సాయం చేస్తుంటే, గేటు దగ్గర ఒకతను నిలబడ్డాడు. ఇళ్ళకి రంగులు వేసే మనిషి, మోచేతుల దాకా రంగు మరకలు. వెనక భార్య, ఇద్దరు పిల్లలు, ఒక తోపుడు బండి. బండి మీద మడతమంచం, గిన్నెలు, తెల్ల రంగు డబ్బాలు.

"అమ్మా, ఇదేనా నర్సరీ?" అని పట్టా చాపాడు. "ఇక్కడ తొంభై తొమ్మిది గజాలు మాకిచ్చారు. ఎక్కడో చూపిస్తే దించుకుంటాం."

అక్క చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. నేను ప్రింటు తీసిన కాగితమే. చక్కటి ప్లాను, నాలుగు కొలతలు, ఆకుపచ్చ రంగు.

"బాబూ, ఇది... ఇక్కడేం లేదు" అంది అక్క. "అది కంప్యూటర్లో ఉన్న నేల. మీరు మీ పాత చోటికి వెళ్ళండి, నేను ఆఫీసులో మాట్లాడతాను."

"పాత చోటు తీసేశారమ్మా. వంతెన కింద రేకుల షెడ్డు మాది. పట్టా ఇచ్చిన రోజు సాయంత్రమే బండి తెచ్చి లాగేశారు. మీకు స్థలం వచ్చింది కదా, ఇంకా ఇక్కడెందుకన్నారు."

"నాలుగు రోజుల్నించి ఎక్కడుంటున్నారు?"

"అడ్రసు వెతుక్కుంటున్నామమ్మా" అంది అతని భార్య.

వాళ్ళు కోప్పడలేదు. అతను కొత్త టేపు తీసి, గోడ దగ్గర ఒక కొస పెట్టి, ఇంకో కొస భార్యకిచ్చి కొలవడం మొదలుపెట్టాడు. అక్కడో చిన్న గీత, ఇక్కడో చిన్న గీత. కుండీలు అడ్డొస్తే జాగ్రత్తగా చుట్టూ తిరిగాడు. ఎక్కడో ఒక చోట దొరక్కపోతుందా అన్నట్టు. నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

అక్క బల్ల మీద కూర్చుండిపోయింది. "నేను సంతకం పెట్టింది గాలి మీదనుకున్నానురా. ఆ కాగితం చివర మనుషులున్నారని ఎవరైనా చెప్పారా నాకు?" అంది.

"నేను చెప్పాల్సిందక్కా."

"నువ్వా!" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత లేచి చీర కొంగు దోపుకుంది. "పడమటి మూల కుండీలు ఖాళీ చెయ్యి."

"అక్కా, బోరు అక్కడే ఉంది!"

"నీళ్ళు లేనిచోట పిల్లలతో ఎలా ఉంటారురా? రెండు పైపులు వేసుకుందాం. పొద్దున్న వాళ్ళు, తర్వాత మొక్కలు. అతని చేతిలో ఆ దిక్కుమాలిన టేపు తీసుకో. నీ పాత టేపు పట్రా. ఇచ్చేది సరిగ్గా ఇద్దాం."

పాత టేపుతో తొంభై తొమ్మిది గజాలు కొలిచాను. సర్వేయరు అప్పుడు గీసిన గీత ఎక్కడుందో అక్కడే వచ్చింది. మడతమంచం దిగింది. సాయంత్రానికి రేకులు లేచాయి. రంగుల మేస్త్రి ఊరుకోలేక, అడగకుండానే అక్క గేటుకి ఒక కోటు తెల్ల రంగు వేశాడు.

పదకొండు వేల పట్టాల్లో నేల దొరికింది ఈ ఒక్కదానికే. అందుకని మంత్రిగారు స్వయంగా వచ్చారు, కెమెరాలు వచ్చాయి. రేకుల ముందు నిలబడి, "పెరగలేదన్నవాళ్ళు వచ్చి చూడండి! ఇదిగో పెరిగిన నేల, ఇదిగో దాని మీద కాపురం!" అని మంత్రిగారు సవాలు విసిరారు. మిగతా పదివేల చిల్లర కుటుంబాలు ఇంకా సరిగ్గా వెతకలేదని డైరెక్టరుగారు వివరించారు. అక్క ఫోటోలో నిలబడనంది. పటం పట్టుకునే అలవాటు ఉంది కాబట్టి నేను నిలబడ్డాను.

పోయిన వారం అక్కకి ప్రభుత్వం నుంచి అభినందన లేఖ వచ్చింది. చిక్కటి కాగితం, బంగారు అంచు. కళ్ళజోడు దొరక్క నన్ను చదవమంది. చదివాను.

"తొంభై తొమ్మిది గజాలు అప్పగించిన అనంతరం మీ వద్ద మిగిలిన స్థలమును మా సిబ్బంది తిరిగి కంప్యూటరులో లెక్కించగా పందొమ్మిది వందల తొంభై రెండు గజములుగా తేలినది. ఇది మీరు మొదట కలిగియున్న పందొమ్మిది వందల నలభై గజముల కన్నను యాభై రెండు గజములు అధికము. దానము చేసిన పిదప కూడ ఆస్తి పెరిగిన పౌరురాలిగా మీరు ఎల్లరకు ఆదర్శము."

అక్క ఆ యాభై రెండు మాట రెండుసార్లు చదివించుకుంది. పడమటి మూలలో మేస్త్రి పిల్లలు పైపుతో ఒకళ్ళమీద ఒకళ్ళు నీళ్ళు చిమ్ముకుంటున్నారు. వాళ్ళని కేకేసింది. తర్వాత మెల్లగా నర్సరీ అంతా కలయజూసింది.

"ఒరేయ్, రేపు ఆఫీసుకెళ్ళాక ఆ యాభై రెండూ ఎవరికిచ్చారో, వాళ్ళు ఎప్పుడొస్తారో కనుక్కో. గులాబీలు ముందే జరిపి పెడతాను."